మూలలు కోసిన ట్యాగులు

మార్చి 8

ఈ పేజీలో శుక్రవారం అని అచ్చయి ఉంది. ఈరోజు ఆదివారం. అంగట్లో అమ్ముడుపోక మిగిలిన రెండేళ్ల కిందటి డైరీ ఇది. పారేయడానికి మనసొప్పక రాస్తున్నాను. వేరే కారణం ఏమీ లేదు.

సుశీల పొద్దున బస్సుకు ఆళ్లగడ్డ పోయింది. వాళ్లక్క ఉమామహేశ్వరమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎప్పుడొస్తావని అడిగితే తగ్గినాక అంది. మోకాలు ఎప్పుడు తగ్గుతుందో ఎవరు చెప్పగలరు. నేను మళ్లీ అడగలేదు.

నిన్న మా పెదనాన్న మనవడి గృహప్రవేశానికి పోయాము. వచ్చినవాళ్లకు ఇచ్చే సంచులకు సుశీల చేసిన ట్యాగులే కట్టారు. ఇవి పెద్ద విషయం కాదు. మందపాటి అట్టను అరచేతిలో సగమంత కోస్తుంది. దాని మీద వేపపూత, మామిడి చిగురు, మోదుగ పువ్వు, రామచిలుక ఇలాంటివి రంగు కాగితంతో కత్తిరించి అతికిస్తుంది. పైన బెజ్జం చేసి దారం కడుతుంది. అంతే. కర్నూలు నుంచి వచ్చిన ఒకాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇవి యాడ తెప్పించినారు, బెంగుళూరా అని నన్ను అడిగాడు. ఉన్న మాటే చెప్పాను.

"ఏముందిలేప్పా. మా ఇంట్లో ఆమె పొద్దుపోక కత్తిరిస్తా ఉంటాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సుశీల పక్కనే కుంకుమ పళ్లెం పట్టుకొని నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. ఎండకు తలనొప్పి వచ్చినట్టుంది. ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక మోకాలి సంగతి చెప్పింది.

పోయేటప్పుడు చిన్న కత్తెర, బ్లేళ్ల డబ్బా, కోసేటప్పుడు కింద వేసుకునే ఆకుపచ్చ మ్యాటు, రంగు కాగితాలు అన్నీ సంచిలో పెట్టుకుంది. మోకాలి నొప్పికి కత్తెర ఎందుకో.

మార్చి 9

ఫోన్ చేశాను. వదిన మోకాలు ఎట్లుందని అడిగాను. అట్లే ఉందంది.

మార్చి 11

ముందు అంగడి, వెనక ఇల్లు. గాంధీచౌక్ దగ్గర పెళ్లికార్డుల అంగడి అంటే మాధవయ్య అంగడే అనేవాళ్లు ఒకప్పుడు. మా నాయన పెట్టింది. ఇప్పుడు పెళ్లి పిలుపులు ఫోన్లోనే పోతున్నాయి. దేవుడి దగ్గర పెట్టడానికి, పెద్దవాళ్లకు ఇవ్వడానికి కొన్ని కార్డులు కొట్టించుకుంటారు. మిగిలిపోయిన ఖాళీ అట్టలు చెదలు పడుతుంటే సుశీల ఈ ట్యాగుల పని మొదలుపెట్టింది. వంటింటి గట్టు మీద, గిన్నెలు కడిగి తుడిచాక, ఆ మ్యాటు పరుచుకొని కూర్చుంటుంది. ఇప్పుడు అంగడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ట్యాగుల కోసమే వస్తున్నారు. అయినా వాళ్లు ఎక్కేది నా అంగడి మెట్లే కదా.

మధ్యాహ్నం హజీరా వచ్చింది. ఉర్దూ బడిలో టీచరు. ఏప్రిల్ మొదట్లో కూతురు సాజిదా పెళ్లి. వచ్చినవాళ్లకు ఖర్జూరం పొట్లాలు ఇస్తారంట. వాటికి కట్టే ట్యాగులు సుశీలకు చెప్పి ఉన్నారు. సాజిదా ఫోన్లో ఏవో బొమ్మలు చూపించి వసంతం అని అడిగిందంట. ఆ బొమ్మల్లో మంచులోంచి పూలు లేస్తున్నాయంట. సుశీల చూసి, మనం చూసినవే చేద్దాం పాపా అందంట. నంద్యాలలో వసంతం అంటే ఫ్యాను మూడు మీద పెట్టే కాలానికీ ఐదు మీద పెట్టే కాలానికీ మధ్యన ఉండేది.

టీ తెప్పించబోయి ఆగాను. ఆమె రోజాలో ఉంది, రంజాన్ ఉపవాసం. పండగ అయినాక ట్యాగులు తీసుకుంటాం, అక్క యాడుంది అని అడిగింది.

"లోపల పడుకోనుందమ్మా. తలనొప్పి. పని జరుగుతానే ఉండాది" అన్నాను.

హజీరా నా మొహం కొంచెంసేపు చూసింది. సరేలేన్నా అని పోయింది.

ఎందుకు అలా చెప్పానో తెలియదు. ఊరికి పోయిందంటే ఎందుకు పోయిందని అడుగుతారు. మోకాలంటే ఎవరి మోకాలంటారు. అంత కథ ఎందుకు.

మార్చి 12

సుశీలకు ఈ సంగతి ఫోన్లో చెబుదామనుకున్నాను. అక్కడ అక్కను చూసుకుంటూ దీని గురించి దిగులు పడుతుంది. చెప్పలేదు. వదిన మోకాలు ఎట్లుందని అడిగాను. అట్లే ఉందంది.

నేనే చేస్తాను. పొద్దుపోక కత్తిరించే పని నాకు రాకుండా పోతుందా.

మార్చి 13

రాలేదు.

మార్చి 14

అట్ట కోయడం వచ్చింది. కార్డులు కోసిన చెయ్యే కదా. చిలుక రావడం లేదు. షట్టరు సగం దించి లోపల కూర్చుని కోస్తుంటే పక్కన జిరాక్సు అంగడి ఓబులేసు వంగి లోపలికి తల పెట్టాడు.

"ఏం శెట్టీ, షట్టరు దించినావు. బేరాలు వద్దా?"

సరుకు లెక్క చూసుకుంటున్నా అన్నాను. అప్పటికే ఆయన చెయ్యి బల్ల మీదికి వచ్చింది. ఒకటి తీసి వెలుగులో పెట్టి చూశాడు.

"కోడి బాగుండాది. ఏందిది, చికెన్ అంగడోళ్లు చేపిచ్చుకుంటాండారా?"

ఔనన్నాను. చిలుక అని చెప్పి ఉంటే ఎవరు చేస్తున్నారని అడిగేవాడు. ఈ వయసులో కార్డుల మాధవయ్య కాగితం పూలు కత్తిరిస్తున్నాడని చౌక్ అంతా తెలియడం నాకిష్టం లేదు. ఇది ఆడవాళ్ల పని అని కాదు. ఊరికే.

మార్చి 15

సాయంత్రం ఫోన్లో సుశీలను చిలుక ముక్కు ఎట్లుంటాదని అడిగాను.

"ఎర్రగా."

"వంపు ఎట్లుంటాది, కిందికా?"

"ఎందుకు?"

"ఊరికే. కరెంటు తీగ మీద ఒకటి కూర్చోనుంది."

"ముందరే కూర్చోనుంటే నన్నడిగేదేంది. చూసుకోండి."

ఇంకేమైనా అంటుందని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను. అవతల ఉలి చప్పుడు వినపడుతోంది. ఉమామహేశ్వరమ్మ ఇంటి ఎదురుగా శిల్పాలు చెక్కే షెడ్లు ఉన్నాయి. మోకాలి సంగతి అడగడం మరిచిపోయాను. మళ్లీ చేసి అడిగాను. అట్లే ఉందంది.

మార్చి 16

సుశీల పనికిరావని పక్కన పడేసిన ట్యాగులు వంటింట్లో పాత బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. ఒకటి తీసి వేపపూత ఎలా చేసిందో చూద్దామని నీళ్లు తడిపి ఊడదీశాను. పువ్వు మొత్తం ఒక అచ్చుతో గుద్ది తీస్తుందేమో అనుకున్నాను ఇన్నాళ్లు. కాదు. ఐదు రేకులూ విడివిడిగా కోసి, ఒకదాని కొస మీద ఒకటి ఎక్కించి, నడుమ పసుపుపచ్చ చుక్క పెట్టింది. పువ్వు బియ్యపుగింజంత ఉంది. ఒక్కో ట్యాగు మీద ఇలాంటివి గుత్తి. రేకులు చేత్తో ఎత్తలేము. పంటి పుల్ల కొసకు జిగురు అంటించి దాంతో ఎత్తాలి.

ఇది బాగాలేదని పక్కన పడేసింది అనుకోవాలా? ఇందులో తప్పేమిటో ఎంత వెతికినా నాకు కనబడలేదు. కళ్లజోడు తుడిచి మళ్లీ చూశాను. ఒక రేకు వెనక్కి తిరిగి ఉంది.

ఇంత పని ఎందుకు పెట్టుకుంటుందో.

మార్చి 17

మెడ నొప్పి.

మార్చి 19, ఉగాది

పచ్చడి చేసుకున్నాను. వేపపూత కోసం పోస్టాఫీసు దగ్గరి చెట్టుకింద నిలబడి కొమ్మ వంచాను. పుట్టినప్పటినుంచి ప్రతి ఉగాదికీ తిన్నాను కానీ దాన్ని చూసింది ఈరోజే. రేకులు తెల్లగా ఉండవు. పాలలో కొంచెం పచ్చ కలిపినట్టు ఉంటాయి. నేను తెల్ల కాగితంతో చేసినవన్నీ తప్పు. మళ్లీ చేయాలి. సుశీల ఆ రంగు కాగితం ఎక్కడ పట్టిందా అని వెతికితే పాత శుభలేఖల కవర్ల లోపలి పొర. అది అక్కడ ఉందని నాకే తెలియదు. ఆ కవర్లు ముప్పై ఏళ్లుగా అమ్ముతున్నాను.

పచ్చడిలో బెల్లం ఎక్కువైంది. ఒక్కడికి ఎంత చేయాలో కొలత తెలియలేదు. ఓబులేసుకు ఒక గిన్నె ఇచ్చాను. అక్క ఇంకా రాలేదా అని అడిగాడు. మోకాలు అన్నాను. అక్కకు మోకాలి నొప్పా అన్నాడు. అక్కకు కాదు, అక్కకు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పచ్చడి తాగి పోయాడు.

సుశీల ఫోన్ చేయలేదు. పండగ పనులు ఉంటాయి. నేను చేశాను. ఉగాది బాగా జరిగిందా అంటే జరిగిందంది. నేను ఏం తిన్నానో అడగలేదు. మోకాలు అట్లే ఉంది.

మార్చి 21, రంజాన్

హజీరా ఇంటి నుంచి సేమ్యా పాయసం వచ్చింది. ఒక్కరికి సరిపోయేంత పంపారు. ఎప్పుడూ పెద్ద గిన్నె పంపేవాళ్లు. పండగ రద్దీలో తక్కువ చేశారేమో.

మార్చి 23

పని అయిపోయింది. మొత్తం అయిపోయింది. మోదుగ పువ్వు కోసం మహానంది రోడ్డు దాకా బండి మీద పోయి చూసి వచ్చాను. అది కూడా చిలుక ముక్కులాగే ఉంటుంది. అందుకని మోదుగ పువ్వు బాగా వచ్చింది, చిలుకలు ఇంకా కోళ్లలాగే ఉన్నాయి. వేపపూత మాత్రం, నేనే రాసుకోకూడదు కానీ, బాగుంది.

అన్నీ బల్ల మీద వరసగా పరిచాను. మూలలు తెల్లగా, బోడిగా కనబడ్డాయి. గిన్నెలో పసుపు కలిపి ప్రతి ట్యాగుకూ నాలుగు మూలలా బొటనవేలితో పెట్టాను. మా అంగడి నుంచి శుభకార్యం కాగితం ఏదీ పసుపు లేకుండా బయటికి పోదు. మా నాయన కాలం నుంచి అంతే. మూలలు బోడిగా పోయేవి కర్మకాండ కార్డులు ఒక్కటే. పసుపు పెట్టాక ట్యాగులకు కళ వచ్చింది. ఫ్యాను కింద ఆరబెట్టాను.

మార్చి 24

పొద్దున పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చింది. పెళ్లి హజీరా వాళ్లది.

బ్రష్షు నోట్లో పెట్టుకొనే అంగట్లోకి వచ్చి చూశాను. పసుపు బాగా పట్టింది. మంచి దుగ్గిరాల పసుపు. అట్టలోకి దిగిపోయింది. గీకితే అట్ట పొర లేస్తోంది. ఎదుటివాళ్లు ఎవరో, వాళ్ల పద్ధతి ఏమిటో చూసుకోకుండా మన పద్ధతి వాళ్ల పెళ్లికి పూసి ఇచ్చినట్టు ఉంటుంది. హజీరా ఏమీ అనదు. అనదు కాబట్టే ఇంకా ఇబ్బంది.

సుశీల అయితే చేసి ఉండేది కాదు. ఆమెకు అన్నీ తెలుసని కాదు. పసుపు డబ్బా ఆమె దగ్గర ఉండదు, అంతే.

మార్చి 25

మూలలు కోసేశాను. ప్రతి ట్యాగుకూ నాలుగు మూలలు, స్కేలు పెట్టి, పసుపు ఎంత మేర ఉందో అంత మేర. ఇప్పుడు ఒక్కో ట్యాగుకు ఎనిమిది మూలలు వచ్చాయి. కొన్నిటిలో చిలుక తోక కూడా పోయింది. అది పోయాక అవి కోళ్లలాగా కూడా లేవు.

కోసిన పసుపు ముక్కలు చీపురుతో ఊడ్చి కవర్లో వేశాను. ఓబులేసు చూసి, ఏంది శెట్టీ, ఎవురి పెళ్లి అయిపాయ అన్నాడు.

రేపు ఆళ్లగడ్డ పోతాను. ట్యాగులు చూపించడానికి కాదు. వదిన మోకాలి నొప్పి అని తెలిసి ఇన్నాళ్లూ పోకపోవడం మర్యాద కాదు. ట్యాగులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి తీసుకుపోతాను.

మార్చి 26

శిరివెళ్ల దాటినాక బస్సులో సీటు దొరికింది. అట్టపెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. స్వీట్లా అని పక్కనాయన అడిగాడు. మందులు అన్నాను.

నేను పోయేసరికి ఉమామహేశ్వరమ్మ వదిన మిద్దె మీద వడియాలు పెట్టి దిగి వస్తోంది. చేతిలో ఖాళీ గంగాళం. మెట్లు నాకన్నా జోరుగా దిగింది. మందులు బాగా పని చేస్తున్నట్టున్నాయి. నన్ను చూసి మెట్టు మీదే ఆగింది.

"ఏమప్పా మాధవయ్యా, పొద్దుపోక వచ్చినావా?"

ఈమె మాట ఎప్పుడూ ఇంతే. మంచినీళ్లు అడిగాను.

సుశీల వసారాలో కూర్చుని ఉంది. ముందు ఆకుపచ్చ మ్యాటు. ఎదురు షెడ్లో మిషను పెట్టి రాయి కోస్తున్నారు. తెల్ల దుమ్ము వసారా దాకా వస్తోంది. అందుకని ఆమె తన పని మీద పాత వాయిల్ చీర కప్పి, కావలసినంత మేర మాత్రమే మడిచి కోస్తోంది. తల ఎత్తి చూసి, రండి అంది. అంతే అంది.

చీర కింద ఏముందా అని చూస్తే ట్యాగులు. వేపపూత, మామిడి చిగురు, మోదుగ, చిలుక. చిలుకలు చిలుకల్లాగే ఉన్నాయి. నాలుగు డబ్బాల్లో సర్ది, పైన హజీరా పేరు రాసి ఉంది.

"ఇవి హజీరావా?"

"మరి ఎవురివి? ఆమె పదకొండో తారీకే ఫోన్ చేసింది. ‘అన్న నువ్వు లోపల పండుకోనుండావు అంటాండాడు, నువ్వేమో ఆళ్లగడ్డలో ఉండావు, ఏందక్కా’ అనింది."

నేను నా పెట్టెను బెంచీ కిందికి జరపబోయాను. ఆమె చూసింది. ఏందది అంది. ఏం లేదన్నాను. చెయ్యి చాపింది. ఇచ్చాను.

మూత తీసి ఒకటి తీసుకుంది. దగ్గరగా పెట్టుకొని చూసింది. ఆమె చూసేది చాలాసేపు చూస్తుంది. వేపపూత మీద గోరు కొసతో తట్టి చూసింది.

"రేకులు విడిగా కోసినారా?"

"ఊ."

"పుల్లతో ఎత్తినారా?"

"ఊ."

ఇంకొకటి తీసింది. దాన్ని పక్కకు తిప్పి, కోసిన మూల మీద వేలు పెట్టింది. ఇంకో మూల మీద పెట్టింది. మూడో మూల దగ్గర నేను సరిగా కోయలేదేమో, అంచున సన్నగా పసుపుపచ్చ గీత మిగిలి ఉంది. దాన్ని చూసి నా మొహం చూసింది.

"పసుపు పెట్టినారా?"

నేను ఎదురు షెడ్డు వైపు చూశాను. అక్కడ ఒక నంది తయారవుతోంది. మొహం ఇంకా రాలేదు.

సుశీల కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. రాతి దుమ్ముకు దగ్గు వచ్చినట్టుంది. నీళ్లు తెమ్మంటావా అన్నాను. వద్దని చెయ్యి ఊపింది. తిరిగి ఈ పక్కకు వచ్చేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. దుమ్ము అలాంటిది.

భోజనం అయ్యాక గ్యాసు సిలిండరు వచ్చిందని, పాలవాడు మారాడని, తులసికి రోజూ నీళ్లు పోస్తున్నానని చెప్పాను. అన్నిటికీ ఊ అంది.

"ఇంగ అక్కడ పనులు..." అన్నాను.

"అక్క మోకాలు ఇంగా తగ్గలేదు" అంది.

అప్పుడే వదిన నిండు బిందె చంకన పెట్టుకొని మా ముందునుంచి పోయింది.

నాలుగు గంటల బస్సుకు బయలుదేరాను. నా పెట్టె ఆమె దగ్గరే ఉండిపోయింది. అడగలేదు. ఏం చేసుకుంటుందో అడగలేదు.

మార్చి 27

ఫోన్ చేయలేదు.

మార్చి 28

అంగట్లో ఈగలు. మామిడి కాలం మొదలైంది.

మార్చి 29

ఫోన్ చేశాను. మోకాలు ఎట్లుందని అడగకుండా, నువ్వు ఎట్లుండావు అన్నాను. చాలాసేపు లైనులో ఉలి చప్పుడే వచ్చింది. బుధవారం హజీరా ఇంటికి డబ్బాలు తెస్తున్నా, బస్టాండుకు రండి, మోసేదానికి మనిషి కావాల అంది.

మనిషి అంటే నేనే.

ఏప్రిల్ 1

బస్టాండు నుంచి ఆటోలో నేరుగా హజీరా ఇంటికి పోయాము. సుశీల చేతిసంచి, నాలుగు డబ్బాలు, వాటితోపాటు నా పెట్టె. అది ఎందుకు తెచ్చావు అన్నాను. ఆటో చప్పుడుకు వినపడనట్టుంది.

ఇంట్లో పెళ్లి సందడి. సాజిదా గోరింటాకు చేతులు పైకెత్తి కూర్చుని ఉంది. సుశీల డబ్బాలు తీసి ఒక్కొక్కటి చూపించింది. సాజిదా చేతులతో ముట్టుకోవడానికి లేక మొహం దగ్గరికి తెచ్చుకొని చూసింది. చిలుకను చూసి నవ్వింది. తరవాత నా పెట్టె మూత ఉన్నట్టుండి సుశీలే తీసింది.

ఆ పెట్టెలో సగమే ఉన్నాయి. కోళ్లు లేవు. తోకలు తెగినవి లేవు. వేపపూతవి, మోదుగవి మాత్రం ఉన్నాయి. ఎనిమిది మూలలూ కొత్తగా, సమంగా ఉన్నాయి. ఆమె మళ్లీ కోసింది.

హజీరా ఒకటి ఎత్తి పట్టుకుంది.

"ఇది వేరేగా ఉందే అక్కా. ఎనిమిది మూలలు. బాగుంది. ఇవి ఎవురు చేసినారు?"

సుశీల నా వైపు చూసింది. హజీరా కూడా నా వైపు చూసింది. సాజిదా కూడా. అంతమంది ఆడవాళ్లు ఒకేసారి చూస్తే ఏదో ఒకటి చెప్పాలి.

"ఏముందిలేమ్మా. పొద్దుపోక..."

మాట నోట్లోనే ఆగింది. మిగతా సగం రాలేదు. వాళ్లింట్లో సాంబ్రాణి పొగ ఎక్కువగా ఉంది.

సుశీల ట్యాగును హజీరా చేతిలోంచి తీసుకొని పెట్టెలో పెట్టింది.

"పొద్దుపోక చేసేటోళ్లు ఎనిమిది మూలలు కోయరు హజీరా" అంది. మామూలుగానే అంది. గట్టిగా కూడా అనలేదు.

తరవాత మూలలు ఎందుకు పోయాయో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పసుపు, బొటనవేలు, అన్నీ. హజీరా నవ్వలేదు. నా మీద జాలి పడింది.

"పసుపుదేముందన్నా. శుక్రవారం మా పిల్లకు పూసేది ఏంది మరి, పసుపే కదా. కోయకుండా తెచ్చింటే ఆ రోజు పళ్లాలకే కట్టేటోళ్లం."

సాజిదా గోరింటాకు చెయ్యి అడ్డం పెట్టుకోలేక మోకాళ్లలో మొహం దాచుకొని నవ్వింది.

బయటికి వచ్చాక ఆటో కోసం నిలబడ్డాము. ఆళ్లగడ్డ బస్సు ఎన్ని గంటలకు అని అడుగుదామనుకున్నాను. ఆమె చేతిసంచి నా చేతికిచ్చింది. బరువుగా ఉంది. మ్యాటు అందులోనే ఉంది. అడగలేదు. ఆటో అతను యాడికి అంటే, సుశీలే గాంధీచౌక్ అంది.

ఏప్రిల్ 2

పొద్దున లేచేసరికి సుశీల వంటింట్లో లేదు. మ్యాటు వంటింటి గట్టు మీద కూడా లేదు.

అంగట్లో ఉంది. నా బల్ల మీద. కార్డుల ఆల్బములు అన్నీ తీసి కింది అరలో పెట్టింది. దేవుడి పటం, క్యాలెండరు మాత్రం అక్కడే ఉన్నాయి. మా నాయన కుర్చీలో కూర్చుని మామిడి చిగురు కోస్తోంది. నాకు బల్ల చివర స్టూలు వేసి ఉంది. దాని ముందు అట్టలు, బెజ్జం మిషను.

"బెజ్జాలు మీవి. అంచుకు మరీ దగ్గరికి కొట్టొద్దండి. దారానికి తెగుతాది" అంది.

పసుపు గిన్నె కోసం కళ్లు వెతికాయి. ఎక్కడా లేదు. ఎత్తైన అరలో పెట్టింది, నిచ్చెన వేస్తే తప్ప అందదు.

షట్టరు పూర్తిగా ఎత్తాను. గాలి కోసం. ఓబులేసు జిరాక్సు మిషను వదిలి వచ్చి మెట్టు మీద నిలబడ్డాడు. సుశీలను చూశాడు. నన్ను, స్టూలును చూశాడు.

"కోళ్లు మళ్లా వచ్చినాయే శెట్టీ."

"చిలకలు" అన్నాను. బెజ్జం కొట్టాను. అంచుకు కొంచెం దగ్గరగా పడింది. సుశీల చూసి ఆ అట్ట తీసి పక్కన పాత బిస్కెట్ల డబ్బాలో వేసింది.

వదిన మోకాలు తగ్గినట్టుంది. నేను అడగలేదు.